మీకు తెలుసా? తనకంటే పెద్దదాన్ని కనే లేత్

లేత్ మిషను భాగాలు తయారు కావాలంటే లేత్ ఉండాలి. పెద్ద లేత్ కావాలంటే? అంతకంటే పెద్దది వెతుక్కోవాలా? అలాగైతే లోకంలో పెద్ద మిషనన్నదే పుట్టేది కాదు!

మామూలుగా చక్ అనే పట్టులో బిగించిన జాబ్, అంటే చెక్కాల్సిన ముక్క తిరుగుతుంది, టూలు దాన్ని చెక్కుతుంది. కిందున్న బెడ్‌కు తగలకుండా తిరిగేంత జాబే అందులో పడుతుంది. పెద్ద లేత్‌కు కావాల్సిన పెద్ద పోత భాగం వచ్చిందనుకోండి, పనివాడు ఆట తిరగేస్తాడు. టూల్ పోస్టు ఊడదీసి, జాబ్‌నే టూలును మోసే క్యారేజ్ మీద బిగిస్తాడు. లేత్ రెండు కొసల్లో ఉండే సెంటర్లనే మొనల మధ్య లావుపాటి ఉక్కు కడ్డీ పెడతాడు. దాని నడుమ చిన్న టూల్ బిట్ ఉంటుంది. ఈ కడ్డీయే బోరింగ్ బార్. పోతలో ముందే వదిలిన రంధ్రంలోంచి కడ్డీ దూరి తిరుగుతుంటే, జాబ్ మెల్లగా ముందుకు జరుగుతుంది. జాబ్ బెడ్‌కు అటూ ఇటూ ఎంత వేలాడినా బాధ లేదు. రంధ్రం మధ్యభాగం సెంటర్ల ఎత్తుకు వస్తే చాలు.

ఇంకో సుగుణం కూడా ఉంది. టూలు తిరిగే వృత్తం మారదు కాబట్టి రంధ్రం ఒక కొన వెడల్పుగా, మరో కొన ఇరుకుగా రాదు. అమరిక తప్పితే మహా అయితే రవ్వంత కోలగా వస్తుంది.

జాబ్‌ను తిప్పకుండా కడ్డీని తిప్పడం కొత్తేమీ కాదు. జేమ్స్ వాట్‌కు 1769లోనే పేటెంటు దక్కినా, గుండ్రని సిలిండర్ దొరకక ఆవిరి యంత్రం ఏళ్ల తరబడి మూలనపడింది. 1775లో ఇనుప పోతల తయారీదారు జాన్ విల్కిన్సన్ సిలిండర్‌ను కదలకుండా బిగించి, రెండు కొసలా ఆనిక ఉన్న కడ్డీని దాని గుండా తిప్పాడు. 50 అంగుళాల సిలిండర్‌లో తేడా ఒక పాత షిల్లింగు నాణెం మందం కూడా లేదని అప్పట్లో మురిసిపోయారు. ఈ రోజు ఏ టర్నరైనా ఆ తేడా చూస్తే నవ్వుతాడు, అది వేరే సంగతి.

లేత్‌తోనే లేత్ చేసుకునే దారిలో, 1980ల్లో అమెరికాలో డేవ్ జింజరీ మరీ మొదటి మెట్టు నుంచి ఎక్కాడు. బొగ్గు కొలిమిలో అల్యూమినియం తుక్కు కరిగించి, పోత పోసి లేత్ కట్టే పద్ధతిని పుస్తకాలుగా రాశాడు. సగం పూర్తయిన లేత్ మీదే దాని మిగతా భాగాలు చేసుకోవాలి. అది పూర్తయ్యాక లోహాన్ని చదునుగా చెక్కే షేపర్, ఆ రెండూ చేతికొచ్చాక మిల్లింగ్ మిషను.