గాలితిత్తి చెప్పిన గుట్టు

అమెరికాలోని డాలస్ నగరమునకు తూర్పున, టెక్సాస్ రాష్ట్రమునందు, లేక్ ఫోర్క్ అను విశాలమైన జలాశయమొకటి కలదు. 1980లో ఆనకట్ట పూర్తియై లోయ నీట మునిగినప్పుడు అచ్చటి వృక్షములలో పెక్కింటిని నరకక అట్లే విడిచిరి; ఆ మోడులు నేటికిని నీటి లోపల కొమ్మలు చాచి మీనములకు నీడపట్టులై నిలిచియున్నవి. డాలస్ పరిసరములందు కాపురముండు మా మేనల్లునితో కూడి ఒక శీతకాలపు వేకువ నేనా సరస్సుపై పడవలో కూర్చుండియుంటిని. గాలపుకర్ర చేత నుండియు అతడు ఎరను నీటిలో విడువలేదు. పడవ ముక్కున వ్రేలాడు చిన్న విద్యుత్ మోటారును పాదముతో మెల్లగా అటునిటు త్రిప్పుచు, ఎదుట బిగించిన తెరను రెప్పవాల్చక చూచుచుండెను.

“మామయ్యా, ఆ మోడు పక్కన తెల్లగా మెరుస్తోంది, చూశారా? అదే చేప. ఎర వేస్తాను, ఏం చేస్తుందో చూస్తూ ఉండండి.”

ఎర నీటిని తాకిన చప్పుడు వినబడినంతనే తెరమీద బియ్యపుగింజంత వెలుగుచుక్క యొకటి పైనుండి దిగజొచ్చినది. మోడు చెంతనున్న తెల్లని మరక కదలి, పైకి లేచి, ఎర వెంట బారెడు దూరము వచ్చి, దాని ముందు క్షణకాలము నిలిచి, వెనుకకు మరలి తన చోటికి పోయినది. చిన్ననాడు మా యూరి చెరువుగట్టున బెండు కదలునేమో యని పూటలకొలది కాచుకొని, అది కదలనప్పుడు ఇచ్చట చేపలు లేవని నిశ్చయించుకొని లేచి వచ్చిన దినములెన్నో నాకప్పుడు జ్ఞప్తికి వచ్చినవి. చేప లేకపోవుట వేరు. ఉండియు, మన ఎరను చూచియు, వలదనుకొని పోవుట వేరు. ఈ రెంటికిగల భేదమును గాలము పట్టినవాని కన్నుల యెదుట పెట్టినది ఈ యంత్రము.

దీనిని లైవ్ సోనార్ అందురు. పడవకు ముందుదిక్కున నున్నదానిని చూపును గావున మనము ముందుచూపు సోనార్ అని పిలువవచ్చును. కాన్సాస్ రాష్ట్రమందలి గార్మిన్ సంస్థ 2015లో పనాప్టిక్స్ అను పేర దీని తొలిరూపమును, 2018లో మిక్కిలి స్పష్టమైన లైవ్‌స్కోప్‌ను వెలువరించినది. 2020లో లోరెన్స్ సంస్థ యాక్టివ్‌టార్గెట్‌ను, మరుసటి యేట హమ్మిన్‌బర్డ్ సంస్థ మెగా లైవ్‌ను తెచ్చినవి. తెరయు, దానికి తగిన ఉపకరణములును కూడిన పూర్తి సరంజామాకు వేల డాలర్లు కావలెను.

కన్ను చూడజాలని నీటిలో చెవి చూచునన్న విషయము మంచినీటి సరస్సు మీదనే, దాదాపు రెండు వందల సంవత్సరములకు పూర్వము, తేటపడినది. 1826లో కొలడాన్, స్టర్మ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు జెనీవా సరస్సుపై రెండు పడవలను దూరదూరముగా నిలిపి, ఒకదానికడ నీటిలో గంట మ్రోగించుచు అదే క్షణమున తుపాకిమందు వెలిగించి, రెండవదానికడ ఆ మెరుపు కనబడినది మొదలు నీటిలో ముంచిన గొట్టము ద్వారా గంట వినబడువరకు పట్టిన కాలమును కొలిచిరి. ఆ చల్లని నీటిలో ధ్వని సెకనుకు 1435 మీటర్లు పోవునని వారు తేల్చిరి. గాలిలో దాని వేగము ఇందులో నాలుగవ వంతు కంటె తక్కువ. 1880లో క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. మొదటి ప్రపంచయుద్ధ కాలమున లాంజెవిన్ అను శాస్త్రజ్ఞుడు అట్టి స్ఫటికములతోనే జలాంతర్గామి నౌకల జాడ తీయు సాధనమును నిర్మించెను. యుద్ధము కొరకు పుట్టిన ఆ విద్యను 1948లో జపానుదేశపు ఫురునో సోదరులు చేపలవేటకు మరల్చిరి.

పాత పరికరమునకును క్రొత్తదానికిని భేదమును గ్రహింపవలెనన్నచో తెరను ఒకసారి తేరిపార చూడవలెను. పాతదానిలో పడవ క్రిందుగా ఒక్కటే ధ్వనిశంకువు దిగును; దాని ప్రతిధ్వని తెర కుడియంచున ఒక గీతయై పడి ఎడమకు జరుగుచుండును. కావున ఆ తెరలో వర్తమానమనునది కుడియంచుననున్న ఒక్క గీత మాత్రమే. తక్కినదంతయు గడచిన కాలము. వంపు తిరిగిన విల్లువలె అందు కనబడు చేప యెప్పుడో వెనుకబడిపోయిన చేప. క్రొత్తదానిలోనో, మోటారు కాడకు బిగించిన ట్రాన్స్‌డ్యూసర్ అను పెట్టెలో ఒక్క స్ఫటికము గాక చిన్నచిన్న స్ఫటికములనేకము వరుసలు తీరియున్నవి. ఒక్కొక్కదాని స్పందనమును లవలేశము ముందువెనుకలుగా జరుపుటచే ధ్వనికిరణమును పెట్టె కదలకయే కోరిన దిక్కునకు త్రిప్పవచ్చును. ఇట్లు విసనకఱ్ఱ ఆకారమున ఎదుటి నీటినంతయు సెకనులో పలుమార్లు తడవిచూచి, వచ్చిన ప్రతిధ్వనుల నన్నింటిని గణకయంత్రము ఒక్క చిత్రముగా కూర్చును. 60 అడుగుల దూరమందలి చేపను తాకి ధ్వని మరలివచ్చుటకు ఇంచుమించు సెకనులో 40వ వంతు చాలును. గర్భిణీస్త్రీలకు స్కానింగు తీయు చోట తెరపై శిశువు కదలుట చూచినవారందరు ఈ విద్యను ఎరిగినవారే, సూత్రమొక్కటే. 10 లక్షల హెర్ట్జుల పౌనఃపున్యము గల ధ్వనికి నీటిలో తరంగదైర్ఘ్యము మిల్లీమీటరున్నర మాత్రమే గనుక చిన్న ఎర సైతము చుక్కయై కనబడును. అయితే అట్టి సూక్ష్మధ్వనిని నీరు త్వరగా మ్రింగివేయుటచే చూపు చాల దూరము పోజాలదు.

ఇంతకును తెరపై మెరయుచున్నది చేప మేనని భ్రమపడరాదు. చేప మాంసమును నీటిని పోలినదే. ధ్వని దానిని దాటి పోవును. పెక్కు మీనముల ఉదరమున గాలి నిండిన తిత్తియొకటి కలదు. ఈదుట మాని నిలిచినను మునిగిపోకుండ, తేలిపోకుండ ఆ తిత్తియే వానిని కాపాడును. నీటినుండి గాలికి తగిలినచోట ధ్వని గోడను తాకినట్లు వెనుకకు మరలును గావున ప్రతిధ్వనిలో అధికభాగము ఆ గాలితిత్తిదే. ప్రాణమును నిలుపు అవయవమే జాడను పట్టి యిచ్చుచున్నది.

ఆనాడు నాకు తెలియవచ్చిన మరియొక సంగతి యీ వినోదమును గూర్చిన నా సంతోషమును కలతపెట్టినది. 34 అడుగుల మంచినీటి బరువు మన తలలపైనున్న వాయుమండలమంత బరువునకు సమానము. ఆ లోతున స్థిరపడిన చేపను వడిగా పైకి లాగినచో దాని తిత్తిలోని గాలి రెట్టింపు కావలెను. మన చెరువులలోని బొచ్చె, శీలావతి వంటివానికి తిత్తినుండి గొంతుకకు సన్నని నాళముండుటచే మిగులు గాలి బయటపడును. ఈ సరస్సున వేటాడు బాస్ అను చేపకు, ఎదిగిన పిమ్మట, ఆ దారి మూసియుండును. అది కడుపుబ్బి, క్రిందికి పోజాలక, నీటిపై ప్రక్కకు ఒరిగి తేలును. పూర్వము గట్టువెంబడి చెట్లనీడలలో వెదకు వేటగాండ్రు ఇప్పుడీ చూపును నమ్మి సరస్సు నడిమికి, లోతునకు, పోవుచున్నారు. పట్టినదానిని మరల విడిచిపెట్టుటయే ఆ దేశమున బాస్ వేటగాండ్ర నీతి. కాని ఇట్లు ఉబ్బినదానిని ఊరక విడిచినచో ఆ విడుపు పేరునకే.

చేపలవేట పోటీలు నడుపువారిలో కలిగిన సంక్షోభము వేరు విధమైనది. 1992లో ఈ లేక్ ఫోర్క్‌లోనే, క్రాపీ అను చిన్నజాతి చేపలకై వేసిన ఎరకు 18.18 పౌన్ల బాస్ చిక్కినది. టెక్సాస్‌లో అదియే పెద్దది. అట్టి అదృష్టమునకును, జలజ్ఞానమునకును ఇక చోటెక్కడనని ప్రాతవారి ప్రశ్న. 2025లో, బాస్ అనియే పేరుగల వేటగాండ్ర సంస్థ తన ఎలైట్ పోటీలలో పడవకొక్క లైవ్ సోనార్ ట్రాన్స్‌డ్యూసరును మాత్రమే అనుమతించినది. ఆ యేడే మేజర్ లీగ్ ఫిషింగ్ తన బాస్ ప్రో టూర్‌లో దినమందలి మూడు భాగములలో ఒక్కదానికే లైవ్ సోనార్‌ను పరిమితము చేసినది. నేషనల్ ప్రొఫెషనల్ ఫిషింగ్ లీగ్ పూర్తిగా నిషేధించినది. ఏది న్యాయమని నన్నడిగినచో, పోటీ మాట అటుంచి, తెరపై చేపతోపాటు కనబడు లోతు అంకెను చదివి, ఆ చేప జోలికి పోవలెనా వలదా యని ఎరను విడుచుటకు ముందే తలపోయువాని చేతిలో ఈ యంత్రముండుట నాకు సమ్మతము. చీకటిలో వేటాడినవానికి ఆ అవకాశము లేదు.

ఆ ఉదయమే 45 అడుగుల లోతునుండి వచ్చిన బాస్ ఒకటి మా పడవలోనే కడుపుబ్బినది. మా మేనల్లుని ముఖము వాడినది. “తప్పు నాదే మామయ్యా, అంత లోతులో వెయ్యకుండా ఉండాల్సింది,” అని, బరువు కట్టిన ఒక పట్టుకారును దాని దవడకు తగిలించి, త్రాటితో నీటిలోనికి దింపనారంభించెను. తెరపై బరువును, తెల్లని మరకయు జంటగా దిగుచుండెను. పది, ఇరువది, ముప్పది అడుగులు. మరక క్రమముగా కుంచించుకొనుచున్నట్లు తోచినది. అడుగునకు చేరువలో అతడు త్రాటిని ఒక్క కుదుపు కుదిపెను. బరువు అట్లే వ్రేలాడుచుండగా, మరక దానినుండి విడివడి, కొంతసేపు కదలక నిలిచి, మోడుల దిక్కునకు మెల్లగా సాగిపోయినది. అతడు త్రాటిని చుట్టుకొని, మోటారును గట్టు వైపునకు, లోతు తక్కువగానున్న నీటికి త్రిప్పెను.