నిండు నెలల్లో ఉద్యోగం: చీర, క్యారియరు, స్టూలు

ఈసారి మన గోడపత్రికకి 'మన కట్టూ బొట్టూ' అని విషయం ఇచ్చారు. కంచి పట్టు గురించీ, వెంకటగిరి జరీ గురించీ రాసేవాళ్ళు మన క్లాసులో చాలామందే ఉన్నారు. నేను రాసేది చూడ్డానికి అంత ముచ్చటగా ఉండని బట్టల గురించి. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు రోజూ పనికి వెళ్తుంటే ఏం కట్టుకుంటారు, క్యారియర్‌లో ఏం పట్టుకెళ్తారు అన్నది. మా వదిన టి. నగర్‌లో ఒక బట్టల కొట్లో చీరలు చూపించే పని చేస్తుంది. ఇప్పుడు తనకి ఏడో నెల. మూడు నెలలుగా మా ఇంట్లో రోజూ ఇవే మాటలు, ఇవే కుట్లు, ఇవే వంటలు.

ముందు ఒక చిన్న ముచ్చట, తెలుగు చదివేవాళ్ళం కదా. ఆడది కడుపుతో ఉంటే మన ఇళ్ళల్లో 'నీళ్ళోసుకుంది' అంటారు. పక్కింటి తమిళావిడ అదే సంగతిని 'ముళుగామ ఇరుక్కా' అంటుంది, అంటే తలస్నానం చేయకుండా ఉంది అని. నెలసరి స్నానం తప్పిందని వాళ్ళ లెక్క. ఒకే మేడమీద రెండు వాటాలు, ఒకరికి నీళ్ళు పోసుకోవడం, ఇంకొకరికి పోసుకోకపోవడం!

సరే, చీర దగ్గరికి వస్తాను. కొట్టువాళ్ళు అందరికీ ఒకే రంగు సింథటిక్ చీరలు రెండేసి ఇచ్చారు. జారే గుడ్డ. కుచ్చిళ్ళు సన్నగా మడిచి, పైట పిన్ను పెట్టి, నీటుగా కనపడాలి. వదినకి ఆ నీటు అంటే ఇష్టం కూడాను. పాతికవేల చీరని భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడి చూపించేది తనే, కొనేవాళ్ళు ముందు తననే చూస్తారు. "కడుపొచ్చిందని బస్తాలా కనపడమంటారా అత్తా?" అని మా అమ్మతో అంటుంది. ఆ మాటలో న్యాయం ఉందనే నాకు అనిపిస్తుంది. గర్భిణి అంటే నైటీ వేసుకుని ఇంట్లో కూర్చునే మనిషని అందరూ అనుకుంటారు కాబట్టే పనికి పనికొచ్చే బట్ట ఎవరూ ఆలోచించరు. షాపుల్లో మెటర్నిటీ గౌన్లు, కుర్తాలు దొరుకుతాయి గానీ, యూనిఫాం చీర కట్టాల్సిన వాళ్ళకి అవి ఎందుకూ కొరగావు.

అసలు ఇబ్బంది చీరలో కాదు, పావాడలో ఉంది (ఊర్నుంచి వచ్చిన మా అత్త లోలంగా అంటుంది). అయిదున్నర మీటర్ల చీర బరువంతా ఒక సన్నటి నాడా మీద నిలబడుతుంది. నాలుగో నెల దాటాక ఆ నాడాని పొట్ట మీద కడితే ఒత్తుకుంటుంది, చారలు పడతాయి. పొట్ట కింద కడితే జారుతుంది. అందుకని అమ్మ పాత పావాడకి ముందు భాగంలో నడుముని రెండంగుళాలు కిందికి, అర్ధచంద్రాకారంలో కత్తిరించింది. నాడా బదులు సాగే బనియన్ గుడ్డని నాలుగంగుళాల వెడల్పు పట్టీగా మడిచి కుట్టింది. వెనక మాత్రం నాడా అలాగే ఉంచి, ముడి పక్కకి వచ్చేటట్టు చేసింది. ఇప్పుడు పట్టీ ముందు పొట్ట కింద, వెనక నడుము మీద కూర్చుంటుంది. బరువు ఒక గీత మీద పడకుండా పరుచుకుంటుంది.

చీర కట్టడంలో మార్పు చిన్నదే. చుట్టుకొలత పెరిగింది కాబట్టి ఏడు కుచ్చిళ్ళు వచ్చే చోట నాలుగో అయిదో వస్తాయి. వాటిని నట్టనడుమ కాకుండా కొంచెం ఎడమకి దోపి, పిన్ను అడ్డంగా, పట్టీకే పెట్టాలి. పొట్ట పెరిగేకొద్దీ ముందు అంచు పైకి లేస్తుంది, కాబట్టి ముందు వైపు కాస్త దించి, పక్కలా వెనకా ఎత్తి కట్టాలి. కొట్లో చిన్న నిచ్చెన ఎక్కి చీరల కట్టలు దించాలి, అంచు కాలికి తగిలిందంటే అంతే.

జాకెట్టుకి పక్క కుట్ల లోపల టైలరు వదిలిన మార్జిన్ విప్పాం. అది అయిదో నెలకే సరిపోయింది. చంకల కింద పట్టీ వేద్దామంటే ఆ రంగు గుడ్డ ఎక్కడా దొరకలేదు. అప్పుడు అమ్మ చీర లోపలి చివర, దోపుకునే వైపు, నాలుగంగుళాలు కత్తిరించి దానితోనే పట్టీ వేసింది. బయటికి ఏమీ తెలియదు. హుక్కులు ముందుకే ఉంచమంది, బిడ్డ పుట్టాక పాలివ్వడానికి ఇదే జాకెట్టు పనికొస్తుందని. చుడీదార్ వేసుకునే ఉద్యోగమైతే ఇంత తంటా లేదు, పై నుంచి కిందికి వెడల్పయ్యే కుర్తా, పట్టీ పెట్టిన ప్యాంటు చాలు.

ఇక క్యారియరు. ఇరుగుపొరుగు అందరూ "ఇద్దరి కోసం తినాలి" అంటారు. జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో గర్భిణికి మామూలు కంటే రోజుకి అదనంగా కావలసింది 350 కేలరీలే. అంటే ఒక గిన్నెడు పప్పన్నం, ఒక గుడ్డు అనుకోండి. రెండింతల అన్నం అక్కర్లేదు. ఎంత తింటుందన్న దానికంటే ఏం తింటుందన్నది ముఖ్యం. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత అని తేలింది. వదినకీ ఉందని చెప్పారు, ఐరన్ మాత్రలు ఇచ్చారు. ఆ మాత్ర కాఫీ టీలతో వేసుకుంటే సరిగా ఒంటపట్టదు, కాల్షియం మాత్రతో కలిపి వేసుకున్నా అంతే. అందుకని రెండింటికీ వేరువేరు వేళలు, కాఫీకి ఇంకో వేళ.

కొట్లో భోజనానికి ఇచ్చేది ఇరవై నిమిషాలు, అదీ పై అంతస్తులో. కాబట్టి గిన్నె తియ్యగానే వాసన గుప్పుమనకూడదు, కారకూడదు, చల్లారినా తినబుద్ధి కావాలి. మా ఇంట్లో కుదిరింది మునగాకు పెసరపప్పు. పెసరపప్పు పలుకు విరగకుండా ఉడికించి నీళ్ళు వంచేయాలి. నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, నాలుగు వెల్లుల్లి రేకులు వేగాక, కాడలు తీసి కడిగిన మునగాకు రెండు పిడికిళ్ళు వేసి అయిదు నిమిషాలు మగ్గనివ్వాలి. పప్పు కలిపి, ఉప్పు వేసి, దించాక నిమ్మకాయ పిండాలి. నిమ్మరసం రుచికే కాదు, ఆకులో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి కూడా. చెట్టు మా వీధి చివరే ఉంది, పైసా ఖర్చు లేదు. ఇది కాక పెరుగన్నం, ఒక ఉడికించిన గుడ్డు, చిన్న సీసాలో నువ్వుల పొడి. సాయంత్రం వచ్చాక బెల్లం వేసిన రాగి జావ.

చీరా కుదిరింది, తిండీ కుదిరింది. కుదరనిది స్టూలు. ఉదయం పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే పని. తమిళనాడులో 2021లో దుకాణాల చట్టాన్ని సవరించి, పనివాళ్ళు కూర్చోవడానికి వీలు కల్పించాలని రాశారు. కేరళలో అంతకు ముందే, 2018లో వచ్చింది. వదిన కొట్లో స్టూళ్ళు ఉన్నాయి, లేవని చెప్పను. కౌంటరు వెనక ఉన్నాయి. గిరాకీ లేనప్పుడు కూర్చున్నా సూపర్‌వైజరు మొహం మాడ్చుకుంటాడు. పోయిన నెల ఆయనే, "ఇంత కష్టపడటం ఎందుకమ్మా, మానేసి రెస్టు తీసుకో, బిడ్డ పుట్టాక మళ్ళీ చేరుదువు గానీ" అన్నాడట. వినడానికి తియ్యగా ఉంది. మా అన్న కూడా సరేనన్నాడు.

వదిన ఒప్పుకోలేదు. ఎందుకో మీకూ తెలియాలి, రేపు మనమూ ఎక్కడో ఒకచోట చేరేవాళ్ళమే. 1961లో వచ్చిన ప్రసూతి సౌకర్యాల చట్టాన్ని 2017లో సవరించాక, మొదటి రెండు కాన్పులకి జీతంతో 26 వారాల సెలవు ఉంది. అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకి ముందే వాడుకోవచ్చు. పదిమంది, అంతకు మించి పనిచేసే కొట్లన్నిటికీ వర్తిస్తుంది, ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. ఇ.ఎస్.ఐ. ఉంటే డబ్బు అటునుంచి వస్తుంది, లేకపోతే యజమాని ఇవ్వాలి. సెలవులో ఉన్న గర్భిణిని ఉద్యోగంలోంచి తీసేయడానికి లేదు. కానీ తనంతట తను రాజీనామా రాసిస్తే ఉద్యోగం పోతుంది, సెలవు చిక్కులో పడుతుంది. 'మానేసి మళ్ళీ చేరు' అన్న మాటలో ఉన్నది ఇదే. ఇంకొకటి, కాన్పుకి ముందున్న ఆరు వారాల కంటే ముందు నెలలో, తను అడిగితే ఎక్కువసేపు నిలబడే పని చెప్పకూడదని కూడా చట్టంలో ఉంది. అడగాలి, అదే మెలిక. అడగనివాళ్ళకి ఎవరూ ఇవ్వరు.

పావాడ పట్టీ, మునగాకు క్యారియరు ఇన్నాళ్ళూ తనని కొట్లో నిలబెట్టాయి. ఇంకో మూడు వారాలు లాగితే సెలవు మొదలవుతుంది. పోయిన సోమవారం వదినా నేనూ కూర్చుని తమిళంలో రెండు ఉత్తరాలు రాశాం, ఒకటి సెలవుకి, ఒకటి కూర్చుని చేసే పనికి. బిల్లింగ్ పక్కన చీరలు మడిచే బల్ల ఉంది, అక్కడ వేయమని అడిగింది. నకలు మీద కొట్టు ముద్ర వేయించుకుని వచ్చింది. జవాబు ఇంకా రాలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా కావాలంటే ఆ ఉత్తరాల నకలు, పావాడ కొలతల కాగితం నా దగ్గర ఉన్నాయి. మధ్యాహ్నం భోజనాల వేళ లైబ్రరీ మెట్ల దగ్గర ఉంటాను.