పరీక్ష విద్యార్థికి గాదు, గ్రంథాలయమునకు



విశ్వవిద్యాలయములందు విద్యార్థులకు పరీక్షలు జరుగుట మనమందఱమును ఎఱిగినదే. విద్యార్థులచేత గ్రంథాలయమునకే పరీక్ష జరిపించు ఆచారము కూడ ఇప్పుడు పెక్కు దేశములందు నెలకొని యున్నది. అందు కూర్చుండువాడు విద్యార్థియే. కాని నెగ్గవలసినదియు, తప్పవలసినదియు గ్రంథాలయమే. ఆ పరీక్ష యెట్లు జరుగునో, దానివలన గలుగు ప్రయోజనమేమో నేడు కొంత వివరించెదను.

పూర్వము గ్రంథాలయమనగా నొక భవనము. లోనికి పోయిన చదువరికి పుస్తకముల అఱలు కంటికి కనబడును. కావలసినది దొరకనిచో అడుగుటకు బల్లవద్ద నొక మనుష్యుడు కూర్చుండి యుండును. చదువరి తడబాటు ముఖముననే తెలియును గనుక ఆయన లేచి వచ్చి దారి చూపును. ఇప్పుడు విశ్వవిద్యాలయ గ్రంథాలయము చాలవఱకు కంప్యూటరు తెరమీదికి వచ్చినది. పుస్తకముల పట్టికయు, పరిశోధన పత్రికలును, పాత సిద్ధాంత వ్యాసములును వెబ్‌సైటు అను నొక ద్వారము గుండ లభించుచున్నవి. అర్ధరాత్రమున వసతిగృహములో నున్నను, సెలవులకు స్వగ్రామమునకు వచ్చి యున్నను, విద్యార్థి వానిని చేతిలోని ఫోనుమీదనే చదువవచ్చును. ఇది గొప్ప సౌకర్యమనుటకు సందేహము లేదు. కాని ఆ ద్వారముకడ దారి తప్పినవాని ముఖమును చూచువాడు ఎవ్వడును లేడు. వాడు కొంతసేపు వెదకి, విసిగి, మఱలిపోవును. ఎందఱు వచ్చిరో యంత్రము లెక్క చెప్పగలదు గాని, వచ్చినవారు ఏల మఱలిపోయిరో చెప్పజాలదు.

ఈ నష్టము స్వల్పమైనది కాదు. పరిశోధన పత్రికలకై విశ్వవిద్యాలయములు ఏటేట విశేష ధనము చెల్లించుచున్నవి. ఆ ధనము కొంత విద్యార్థుల రుసుములనుండియు, కొంత ప్రజల పన్నులనుండియు వచ్చినదే. వ్యాసము గ్రంథాలయమున నున్నను, అది కనబడని విద్యార్థికి లేనిదానితో సమానము. ఒక్కొక్కప్పుడు తన విశ్వవిద్యాలయము ముందే వెల యిచ్చి తెప్పించిన వ్యాసమును విద్యార్థి వేఱొక త్రోవను పోయి చూచును. అక్కడ వెల చెల్లింపుమని ప్రకాశకుడు అడుగగా, తనవద్ద సొమ్ము లేక దానిని మానుకొనును. వీటన్నిటికంటె విచారింపదగినది మఱొకటి కలదు. వెదకి దొరకనివాడు దోషము పుటయం దున్నదని తఱచు తలపడు. తన తెలివి చాలలేదని తలచును. ఇంట మొదటి తరమున పై చదువునకు వచ్చిన పిల్లలు ఈ మాట పైకి చెప్పుకొనరు.

ఇట్టి పుటలు ఏల దుర్బోధము లగుచున్నవి? ఇల్లు కట్టించినవానికి చీకటిలోను గుమ్మము తెలియును. క్రొత్తగా వచ్చిన చుట్టమునకు పగటివేళనైనను ఒకరు చూపవలసి యుండును. గ్రామలెక్కలలో అడంగలు, జమాబందీ, ఇరసాలు మొదలగు మాటలు కరణములకు నిత్య పరిచితములై యుండెడివి. పంట పండించిన రైతునకు మాత్రము వానిలో పెక్కింటి అర్థము వేఱొకరు చెప్పవలసి వచ్చెడిది. గ్రంథాలయములవారికిని ఇట్టి భాష యొకటి కలదు. అమెరికాలో బర్క్‌లీ యందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ గ్రంథాలయమున పనిచేసిన జాన్ కుపర్‌స్మిత్ అను నాయన, చదువరులకు బోధపడు మాటలేవి, పడనివేవి అను విషయమును గుఱించిన పరీక్షా ఫలితములను పెక్కేండ్లు సేకరించెను. 2012 నాటి ఆయన సంకలనములో 51 పరీక్షలు చేరినవి. డేటాబేసు, ఇండెక్సు, పీరియాడికల్, సీరియల్, రిఫరెన్సు, రిసోర్సు వంటి మాటలును, పొడి అక్షరముల పేర్లును విద్యార్థులను తికమక పెట్టుచున్నవని అందు తేలినది. పత్రికా వ్యాసములు వెదకుమన్నప్పుడు సగటున సగముమంది మాత్రమే కృతకృత్యు లగుచుండిరి. “పుస్తకములు వెదకుడు”, “వ్యాసములు వెదకుడు” అను రీతిని, చేయవలసిన పనినే పేరుగా వ్రాసినచోట తడబాటు తగ్గినది.

ఇక పరీక్షా విధానము. ముందుగా గ్రంథాలయమువారు విద్యార్థులు నిజముగా చేయు పనులను కొన్నింటిని ఎన్నుకొందురు. ఒక పుస్తకము ఉన్నదో లేదో చూచుట, అది ఏ అఱలో నున్నదో తెలిసికొనుట, ఒక విషయముపై వ్యాసము కనుగొనుట, తీసికొన్న పుస్తకమునకు గడువు పొడిగించుకొనుట మొదలైనవి అట్టి పనులు. ప్రశ్న వ్రాయుటలో మెలకువ వలయును. పుటమీద నున్న మాటనే ప్రశ్నలో వాడినచో విద్యార్థి ఆ మాటను చూచి నొక్కునే గాని, దాని అర్థము తెలిసినదని ఋజువు కాదు. కావున “డేటాబేసు తెఱువుము” అని చెప్పక, “చెఱువుల పూడికను గుఱించి పరిశోధకులు వ్రాసిన వ్యాసము నొకదానిని చదివి రమ్మని మీ అధ్యాపకులు చెప్పిరి, దానిని కనుగొనుడు” అని చెప్పవలెను.

పిదప నొక్కొక్క విద్యార్థిని వేఱుగా పిలిచి కూర్చుండబెట్టుదురు. “మేము పరీక్షించుచున్నది మిమ్ము గాదు, ఈ పుటను. మీకు తోచిన దెల్ల పైకి పలుకుచు పని చేయుడు” అని మొదటనే చెప్పుదురు. మనస్సులోని మాటను పైకి పలికించు ఈ పద్ధతి మనస్తత్వ శాస్త్రమునుండి వచ్చినది. ఎరిక్‌సన్, హెర్బర్ట్ సైమన్ అను శాస్త్రజ్ఞులు 1984లో దీనినిగుఱించి ఒక గ్రంథమునే వ్రాసిరి. పని ముగిసిన పిమ్మట అడిగినచో మనుష్యుడు తన తడబాటును కొంత మఱచును, కొంత సవరించి చెప్పును. పని చేయుచుండగా వెలువడు మాటలో అట్టి సవరణ తక్కువ.

పరీక్షించువానికి అన్నిటికంటె కష్టమైన పని మౌనముగా నుండుట. ఎదుటివాడు తప్పుదారి పట్టగనే “అటు గాదు, ఇటు” అని నోరు తెఱచుట మానవ స్వభావము. ఆ యొక్క మాటతో పరీక్ష చెడును. ఏలయన, రేపు అర్ధరాత్రమున వసతిగృహములో ఆ విద్యార్థిప్రక్కన ఎవ్వరును ఉండరు. “ఇది నొక్కవచ్చునా?” అని వాడడిగినచో, “నొక్కిన నేమగునని మీకు తోచుచున్నది?” అని మఱల ప్రశ్నించుటయే తగిన ప్రత్యుత్తరము. ఈలోపల వేఱొకరు ప్రక్కన కూర్చుండి పని నెఱవేఱినదా, ఎంత కాలము పట్టినది, ఎక్కడ ఆగిపోయెను, ఏమాట పలికెను అను వానిని వ్రాసికొందురు. 1998లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణముకూడ మూడు సంగతులనే కొలువుమన్నది: పని నెఱవేఱుట, పడిన శ్రమ, కలిగిన తృప్తి.

ఇందులకు వందలకొలది విద్యార్థులు కావలెనని తలపవలదు. జాకబ్ నీల్సన్, థామస్ లాండవర్ అనువారు 1993లో దీనికొక లెక్క కట్టిరి. వారు చూచిన పనులలో ఒక్కొక్కడు సగటున నూటికి 31 దోషములను బయటపెట్టెను. రెండవవాడు వానిలో కొన్నింటినే మఱల చూపి, కొన్ని క్రొత్తవానిని చూపును. ఇట్లు పోగా అయిదుగురితో నూటికి సుమారు 85 బయటపడునని తేలినది. ఈ లెక్క అన్నిచోట్లను సరిపడదనియు, పెద్ద వెబ్‌సైట్లకు అయిదుగురు చాలరనియు తరువాతివారు ఆక్షేపించిరి. కావున అయిదుగురితో చూచి, దోషములు దిద్ది, మఱి అయిదుగురితో చూచుట మంచిది. అయిదుగురును ఒక్క తీరువారు కాకూడదు. క్రొత్తగా చేరినవాడు, పరిశోధన చేయువాడు, ఫోను తప్ప కంప్యూటరు లేనివాడు, ఇంగ్లీషు సరిగా రానివాడు, చూపు లేక యంత్రము చదివి వినిపింపగా వినువాడు, వీరందఱును ఆ ద్వారముననే రావలసినవారు.

ఇంతకంటెను సులభమైన పరీక్ష యొకటి కలదు. గ్రంథాలయము చేయు పనుల నొక్కొక్కదానిని ఒక్కొక్క చీటిమీద వ్రాసి, కలిపి, విద్యార్థుల చేతికిత్తురు. “వీనిలో ఒకచోట నుండదగినవానిని జతపఱచి, ఆ గుంపునకు మీరే పేరు పెట్టుడు” అందురు. గ్రంథాలయమువారు విభాగములను బట్టి అమర్చినదానిని విద్యార్థులు అవసరమునుబట్టి అమర్తురు. ఆ భేదము కాగితపు చీటీలతోనే తెలియుచున్నది. దీనికి వ్యయము లేదు.

అయితే ఈ పరీక్షకును హద్దు కలదు. కాలు ఎక్కడ తట్టుకొనుచున్నదో అది చూపును గాని, రాయిని ఎట్లు తొలగింపవలెనో చెప్పదు. దిద్దిన పిమ్మట మఱల పరీక్షింపనిచో క్రొత్త రాయి పడినదో లేదో తెలియదు. అరిజోనా విశ్వవిద్యాలయ గ్రంథాలయమువారు తమ వెబ్‌సైటు నిర్మాణములో చదువరులను భాగస్వాములుగా జేసికొన్న విధమును 2000 సంవత్సరమున ప్రకటించిరి. పుట కట్టి ముగించిన పిమ్మట కాక, కట్టుచుండగనే చదువరిని పిలువవలెననుట ఈ విద్యలో ముఖ్యమైన నీతి.

ఈ నీతి మనకు క్రొత్తది కాదు. మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా నుండిన రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన అయిదు సూత్రములలో నాలుగవది చదువరి కాలము వ్యర్థము కాకుండ చూచుటను గుఱించినదే. అంతకు పూర్వమే, 1914లో, బెజవాడయందు గ్రంథాలయ ప్రియులు సమావేశమై ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘమును స్థాపించిరి. ఆనాడు పుస్తకము పల్లెకు చేరుటయే కష్టము. నేడు పుస్తకము పల్లెలోని ఫోను వఱకు చేరినది. దాని తలుపు తెఱచుకొనుట కష్టమైనది.

కావున మీ మనుమడో, మనుమరాలో గ్రంథాలయములో ఏమియు దొరకలేదని చెప్పినప్పుడు, వెంటనే అశ్రద్ధ యని మందలింపకుడు. ప్రక్కన కూర్చుండి, ఎట్లు వెదకితివో చూపుమనుడు. మౌనముగా చూడుడు. ఎక్కడ ఆగిపోయెనో ఆ స్థలమును గుర్తించి, గ్రంథాలయమువారికి నాలుగు పంక్తులు వ్రాయుమని చెప్పుడు. దారి తప్పినవాడు చెప్పిననే గదా, దారి వేసినవానికి తన తప్పు తెలియుట.