చదరంగపు లెక్క

చదరంగపు పలకమీది అరువదినాలుగు గళ్లలో మొదటిదానియందొక వడ్లగింజ, రెండవదానియందు రెండు, మూడవదానియందు నాలుగు, ఇట్లు రెట్టించుచు పోయినచో మొత్తమెన్ని గింజలగును? ఉత్తరము 1,84,46,74,40,73,70,95,51,615. ఈ యిరువదంకెల సంఖ్యను తెలుగువారు పద్యమున బంధించియున్నారు. ఆ పద్యము పావులూరి మల్లన గణితములోనిదిగా ప్రసిద్ధము. మల్లన 11వ శతాబ్దివాడని పలువురి మతము. ఆతడు తెనిగించిన గణితసారసంగ్రహమును 9వ శతాబ్దిలో, రాష్ట్రకూటుల కాలమున, మహావీరాచార్యులు సంస్కృతమున రచించెను. (మన పొరుగుననున్న వేములవాడ నేలిన చాళుక్యులు ఆ రాష్ట్రకూటులకే సామంతులు.)

పద్యమున అంకెలుండవు, మాటలుండును. శశి యన్న ఒకటి, వేదములన్న నాలుగు, శరములన్న, మన్మథుని బాణములు గనుక, ఐదు, గగనమన్న సున్న. అంకెలు కుడినుండి యెడమకు నడచును. కావున మొదట వచ్చు మాట ఒకట్ల స్థానమునకు చెందును.

అయితే తాటాకునుండి తాటాకునకు, నోటినుండి నోటికి ఇన్ని శతాబ్దములు సాగివచ్చిన సంఖ్య చెడలేదని యెట్లు నమ్మవలెను? ఛందస్సు కొంత కాపాడును గాని అది చాలదు. శర, శశి రెండును రెండేసి లఘువుల మాటలే. లేఖకుడొకదానికి మారుగా వేరొకటి వ్రాసినను గణము చెడదు. లెక్క మాత్రము చెడును. గణితమే సాక్ష్యమీయవలెను.

మొదటి గడిలో అదనముగా నొక గింజ నుంచుడు. అప్పుడచ్చట రెండగును, రెండవ గడిలోని రెంటితో కలిసి నాలుగు, మూడవ గడిలోని నాలుగింటితో కలిసి ఎనిమిది. ఇట్లు కడపటికి అరువదినాలుగు రెండ్లను ఒకదానితోనొకటి గుణించిన ఫలము వచ్చును. ఎరువు తెచ్చిన గింజను తీసివేసిన మిగులునదే మన సంఖ్య. అంతటి గుణకారమునకు భయపడ పనిలేదు. రెంటిని వర్గము చేయుచు పోవుడు: 4, 16, 256, 65536, 4294967296. ఆరవ వర్గమే మనకు కావలసినది. వర్గము చేయు నీ యుపాయము పింగళుని ఛందశ్శాస్త్రమునందే యున్నది.

అంత శ్రమయు వలదన్నచో శేషములను చూడుడు. రెంటి ఘాతములను తొమ్మిదిచే భాగించిన శేషములు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటి కొకమారు తిరిగివచ్చును. అరువదినాలుగవదానికి నాలుగవదాని శేషమే, అనగా 7. ఒకటి తీసిన 6. మన యంకెల మొత్తము 87. అది 15, అది 6. సరిపోయినది. కాని రెండంకెలు తారుమారైనను తొమ్మిది పట్టుకొనజాలదు. అందుకు పదునొకండు కావలెను. దానితో రావలసిన శేషము 4. కుడినుండి బేసిస్థానముల మొత్తము 62, సరిస్థానములది 25, భేదము 37. పదునొకండుచే భాగించిన మిగులునది నాలుగే. పద్యము చెప్పిన సంఖ్య తప్పలేదు.

దీని కారణాంకములు 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఇందు 641కి 6700417కు గల లబ్ధమైన 4294967297ను ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా అవిభాజ్యమని తలచెను. దానిని 641 నిశ్శేషముగా భాగించునని ఆయిలరు 1732లో కనుగొనెను.

ఇక వడ్ల మాట. వేయి గింజలు 25 గ్రాములు తూగుననుకొన్నచో మొత్తము సుమారు 46,000 కోట్ల టన్నులు. లోకమంతటను ఏడాదికి పండు వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. మేడిపల్లి కళ్లములే కాదు, ప్రపంచపు కళ్లములన్నియు ఐదువందల యేండ్లకు పైగా నూర్చినను ఆ పలక నిండదు!

నేటి గణనయంత్రములు సున్న, ఒకటి అను రెండంకెలతోనే లెక్కించును. అరువదినాలుగు స్థానములందును ఒకట్లే వ్రాసినచో వచ్చునది ఈ చదరంగపు సంఖ్యయే.