జంతర్ మంతర్: మసక నీడలో దాగిన సెకన్లు

జైపూర్ రాజప్రాసాదం పక్కనున్న జంతర్ మంతర్‌లోకి అడుగుపెట్టగానే, ఏటవాలుగా పైకి లేచిన 27 మీటర్ల త్రికోణపు గోడ కనిపిస్తుంది. అదే సమ్రాట్ యంత్రం. లోహపు పరికరాల ఇరుసులు అరిగి కొలతలు తప్పుతున్నాయని గమనించిన సవాయి జైసింగ్, 18వ శతాబ్దంలో రాయి, సున్నంతో దీన్ని కట్టించాడు.

ఇదొక సూర్య గడియారం. ఏటవాలు అంచు భూమి అక్షానికి సమాంతరంగా ఉంటుంది. అందుకే దాని వాలు కూడా జైపూర్ అక్షాంశమంత, అంటే 27 డిగ్రీలు. గోడకు ఇరువైపులా వంపు తిరిగిన కొలబద్దలున్నాయి. వాటిపై నీడ గంటకు సుమారు 4 మీటర్లు, అంటే సెకనుకు మిల్లీమీటరు పైచిలుకు కదులుతుంది. కొలబద్దపై అతి చిన్న విభాగం విలువ 2 సెకన్లు.

అయితే దగ్గరికెళ్లి చూస్తే ఒక చిక్కు కనిపిస్తుంది. నీడకు స్పష్టమైన అంచే లేదు! సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందువల్ల వెలుగుకూ నీడకూ మధ్య సుమారు 14 సెంటీమీటర్ల మసక పట్టీ ఏర్పడుతుంది. కాలంలో అది 2 నిమిషాలకు సమానం. యంత్రాన్ని ఇంకా పెద్దగా కట్టినా లాభం లేదు. గీతల మధ్య దూరంతో పాటు మసక కూడా అంతే పెరుగుతుంది.

మరి 2 సెకన్ల గీతలు ఎందుకు? జవాబు ఒక దారంలో ఉంది. సన్నని దారాన్ని గోడ అంచుకు సమాంతరంగా, కొలబద్దకు కాస్త ఎత్తులో పట్టుకోవాలి. దగ్గరగా ఉండటంతో దాని నీడ స్పష్టంగా పడుతుంది. దాన్ని మెల్లగా మసక పట్టీలోకి జరిపితే ఒకచోట పెద్ద నీడలో కలిసి మాయమవుతుంది. అక్కడి గీతను చదవాలి. ఆకాశం నిర్మలంగా ఉండి, చూసే కన్నుకు అలవాటుంటే, కొలతలు కొద్ది సెకన్ల తేడాలోనే వస్తాయి.

చేతిగడియారంతో పోల్చి యంత్రం తప్పు చూపిస్తోందనుకోవడం పొరపాటు. ఇది చూపేది స్థానిక సౌర సమయం. భారత ప్రామాణిక రేఖకు జైపూర్ పడమటన ఉన్నందువల్ల సుమారు 27 నిమిషాలు కలపాలి. భూకక్ష్య వల్లా, భూఅక్షం వంపు వల్లా వచ్చే తేడాను కూడా తేదీని బట్టి సరిచేయాలి.

2010లో యునెస్కో ఈ వేధశాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రాతిని కాపాడటం ఒక ఎత్తు, దాన్ని చదివే నేర్పును కాపాడటం మరో ఎత్తు. ఆ నేర్పు లేకపోతే సమ్రాట్ యంత్రం ఫొటోలకు పనికొచ్చే గోడగానే మిగులుతుంది. దారం కిటుకును ఇంటి దగ్గరే పరీక్షించవచ్చు: ఎండలో పిట్టగోడ నీడ అంచున ఒక సూదిని పట్టుకుంటే చాలు.