లోడు దిగినా దిగని రక్తపోటు

సూర్యాపేట: హైదరాబాద్-విజయవాడ రహదారిపై అర్ధరాత్రి దాటినా లారీల రొద ఆగదు. సూర్యాపేట మార్కెట్ యార్డులో కాంటాలు, మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం బస్తాలు, కోదాడ దాబాల ముందు బారులు తీరిన లారీలు. ఈ మూడు పట్టణాల్లో వేలాది కుటుంబాలకు బరువు మోస్తేనే బతుకు. అయితే లోడు దిగినా దిగని బరువొకటి ఉంది. అదే రక్తపోటు.

బీపీ అంటే కుర్చీలో కూర్చునే వారి జబ్బని, ఒళ్లు వంచి పనిచేసే వాడి దరికి రాదని చాలామంది ధీమా. అది నిజం కాదు.

డ్రైవర్ సంగతే చూడండి. సరుకు ఫలానా వేళకు చేరాలి. ఎప్పుడు బయల్దేరాలో, ఎంతసేపు ఆగాలో నిర్ణయించేది అతను కాదు. హమాలీకి బస్తా లెక్కన కూలి. సీజన్లో ఊపిరాడదు, సీజన్ పోతే పని దొరకదు. పని ఒత్తిడి ఎక్కువై, దానిపై తన అదుపు తక్కువైతే మనిషి కుంగిపోతాడని అమెరికా పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లోనే చెప్పారు.

ఆందోళన పడినప్పుడు రక్తపోటు పెరుగుతుంది. ఊరట దొరికితే తగ్గుతుంది. ఆ ఊరటే ఇక్కడ కరువు. నిద్ర ఆపుకునేందుకు బీడీ, అలుపు తీరేందుకు మందు, వేళ తప్పి పచ్చడి మెతుకులు. ఇంటికొస్తే ఫైనాన్సు కిస్తీ, పిల్లల ఫీజు, పెళ్లికి చేసిన అప్పు. ఇవన్నీ కలిసి నరాల మీద పడుతున్నాయి.

మోటారు రవాణా కార్మికులకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అని 1961లోనే చట్టం వచ్చింది. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసే వారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి. రహదారిపై ఏ గడియారం నడుస్తున్నదో వేరే చెప్పనక్కరలేదు.

బీపీ చాలామందిలో ఏ బాధా చూపదు. తల నొప్పి లేదు కదా అని ఊరుకుంటే కాలు, చెయ్యి పడిపోయిన నాడే తెలుస్తుంది. అయిదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక చూస్తే, వేర్వేరు రోజుల్లో 140/90 లేదా అంతకు మించి ఉంటే వైద్యుణ్ణి కలవాలి. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటరాదు. బాగుందనుకొని మాత్రలు మానరాదు.

30 ఏళ్లు దాటిన వారికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మాత్రలు ఉచితమే. కాని ఆ పరీక్ష జరిగే పగటి వేళ డ్రైవర్ రోడ్డు మీద, హమాలీ బస్తా కింద ఉంటారు. ఆసుపత్రికి వెళ్తే ఆ పూట కూలి పోయినట్లే. కనుక లారీ అడ్డాల్లో, మిల్లుల్లో, మార్కెట్ యార్డుల్లో సాయంత్రం పూట బీపీ చూసే ఏర్పాటు చేస్తే మేలు. యజమానులు, సంఘాలు, వైద్యాధికారులు కలిస్తే ఇది పెద్ద ఖర్చు కాదు.

బయల్దేరే ముందు టైరులో గాలి చూసుకోని డ్రైవర్ ఉండడు. తన ఒంట్లో పోటు ఎంతుందో చూసుకునే వీలూ అతనికి ఉండాలి.