పురావస్తు విజ్ఞానం - స్నాతకోత్తర విద్య: పశ్చిమ ప్రకాశం నేపథ్యంలో ఒక పరిశీలన

కీలక పదాలు: పురావస్తు విజ్ఞానం, కాలనిర్ణయం, గిద్దలూరు, రెట్లపల్లె, భైరవకోన, తెలుగు పరిశోధకులు

1. ఉపోద్ఘాతం

చంద్రశేఖరపురం మండలంలోని భైరవకోనకు విద్యార్థులను తీసుకువెళ్ళినప్పుడు తప్పక ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: “ఈ గుహ రాయిని కొంచెం ప్రయోగశాలకు పంపితే గుడి వయస్సు తెలియదా?” అమాయకంగా కనిపించినా ఇది మంచి ప్రశ్న. ఏ వస్తువు ఏ ప్రశ్నకు సమాధానం చెప్పగలదో తెలుసుకోవడమే పురావస్తు విజ్ఞానంలో స్నాతకోత్తర విద్యార్థి నేర్వవలసిన మొదటి పాఠం. పరికరాల పరిచయం ఆ తర్వాతిది. సాహిత్య పరిశోధకులు ఈ రంగాన్ని ఎలా సమీపించవచ్చో ఈ ప్రాంతపు ఆధారాలతోనే వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రాంతానికి పురావస్తు చరిత్రలో స్థానం కొత్తది కాదు. కె.వి. సౌందరరాజన్ గిద్దలూరు పరిసరాల శిలాయుగ పనిముట్లపై రాసిన వ్యాసం 1952లో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ వారి ‘ఏన్షియంట్ ఇండియా’ 8వ సంచికలో వెలువడింది. దాని శీర్షికలో గిద్దలూరు కర్నూలు జిల్లాలోనిది. ప్రకాశం జిల్లా 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఏర్పడింది. కాబట్టి పశ్చిమ ప్రకాశంపై పనిచేసేవారు పాత నివేదికలను ఇతర జిల్లాల పేర్ల కిందనే వెదకాలి. భైరవకోన ప్రాంతమైతే నెల్లూరు జిల్లా కింద. ఈ చిన్న విషయం తెలియక గ్రంథాలయంలో రోజులు పోగొట్టుకున్నవారిలో ఈ వ్యాసకర్త కూడా ఉన్నాడు.

2. ఒక తేదీ ఎలా పుడుతుంది?

ప్రకాశం జిల్లా రెట్లపల్లెలో లభించిన మధ్య ప్రాచీన శిలాయుగ పనిముట్ల కాలం సుమారు 1,39,000 సంవత్సరాలని బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయ పరిశోధకులతో కూడిన బృందం 2024లో ‘ప్లాస్ వన్’ పత్రికలో ప్రకటించింది. పత్రికలు ఆ అంకెను ఉత్సాహంగా ప్రచురించాయి. ఆ అంకె వెనుక ఉన్న పని మాత్రం పాఠకులకు అందలేదు.

అంత పాత కాలానికి కార్బన్-14 పనికిరాదు. దాని అర్ధాయువు 5,730 ఏళ్ళు; సుమారు 50,000 ఏళ్ళు దాటితే కొలవడానికి మిగిలేది దాదాపు శూన్యం. అందువల్ల ఇలాంటి చోట్ల ల్యూమినిసెన్స్ పద్ధతిని ఆశ్రయిస్తారు. ఇక్కడ వయస్సు కట్టేది పనిముట్టుకు కాదు, దాన్ని కప్పిన మట్టికి. పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ రేణువులు చుట్టూ ఉన్న యురేనియం, థోరియం, పొటాషియంల వికిరణాన్ని కొంతకొంతగా తమలో నిలవ చేసుకుంటాయి. ఎండ తగిలితే ఆ నిలవ ఖాళీ అవుతుంది. మళ్ళీ మట్టి కప్పితే లెక్క మొదటినుంచి మొదలవుతుంది. అందుకే పొరలోకి లోహపు గొట్టం దిగగొట్టి, వెలుగు తగలకుండా మట్టిని తీసి, మసక ఎర్రటి వెలుతురు తప్ప మరేమీ లేని గదిలో తెరుస్తారు. రేణువు నిలవ చేసుకున్న మొత్తం వికిరణాన్ని, ఆ నేలలో ఏటా అందే వికిరణంతో భాగిస్తే వచ్చేదే వయస్సు.

భాగహారం సులభం; భాజకం దగ్గరే చిక్కు. ఉదాహరణకు నిలవ 300 గ్రేలు, వెయ్యేళ్ళకు అందేది 3 గ్రేలు అనుకుంటే వయస్సు లక్ష ఏళ్ళు. అయితే మట్టిలోని నీరు కొంత వికిరణాన్ని అడ్డుకుంటుంది. ఆ నేల మనం ఊహించినదానికన్నా తడిగా ఉండి, నిజంగా అందింది 2.7 గ్రేలే అయితే వయస్సు సుమారు 1,11,000 ఏళ్ళవుతుంది. వేల సంవత్సరాల పాటు ఆ వాగు ఒడ్డు ఎంత తడిగా ఉండేదన్న అంచనా మీద 11,000 ఏళ్ళు ఆధారపడ్డాయన్నమాట. పరిశోధన పత్రంలో వయస్సు పక్కన వేసే ± గుర్తును చదవకుండా ముందుకు పోయే అలవాటు మనం మానుకోవాలి.

తేదీ దొరికినంత మాత్రాన వాదం ముగియదు. ఈ పనితనం ఆఫ్రికా నుంచి వచ్చిన ఆధునిక మానవులతోనే ఇక్కడికి చేరిందన్న అభిప్రాయాన్ని రెట్లపల్లె ఫలితం ప్రశ్నిస్తోంది. తమిళనాడులోని అత్తిరంపాక్కంలో ఇలాంటి పనితనం సుమారు 3,85,000 ఏళ్ళ నాటికే మొదలైందని 2018లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన వ్యాసం కూడా ఆ దారిలోనిదే. మరి ఆ రాళ్ళను చెక్కినవారెవరు? మానవ అస్థికలు లేనిచోట రాయి మాత్రమే ఆ సంగతి చెప్పలేదు.

పైగా ఈ కథంతా పొర చెదరకుండా ఉన్నప్పటిదే. యంత్రంతో చదును చేసిన పొలంలో దొరికిన గొడ్డలి మ్యూజియంలో అందంగానే ఉంటుంది. దాని వయస్సు మాత్రం ఆ చదును చేసిన రోజే పోయింది.

3. భైరవకోన: ప్రయోగశాలకు అందనిది

ఇప్పుడు విద్యార్థి ప్రశ్నకు వద్దాం. భైరవకోనలో ఎనిమిది శైవ గుహాలయాలున్నాయి. రాతి వయస్సు కడితే తెలిసేది కొండ పుట్టిన కాలం, ఉలి తగిలిన కాలం కాదు. కట్టడమైతే సున్నంలోనో కలపలోనో కాలానికి ఆధారం చిక్కవచ్చు. తొలిచిన గుడిలో శిల్పి చేర్చినదేమీ లేదు, తీసివేసిందే ఉంది. రాతి ఉపరితలం ఎంతకాలంగా వెలుగు చూస్తోందో లెక్కించే పద్ధతులు ఇటీవల వచ్చిన మాట నిజమే. కానీ వాటికి మూర్తి పక్కనే రంధ్రం వేయాలి. ఆ ఉపరితలం మీద నూనె, సున్నం, రంగులు పడి ఉండకూడదు. నిత్యం పూజలందుకొనే చోట ఈ రెండూ కుదరవు. కుదిరినా చేయరాదని నా అభిప్రాయం. కనుక స్తంభాల తీరు, ద్వారపాలకుల భంగిమ, పల్లవ, చాళుక్య శైలుల పోలిక, లిపి పరిణామం, వీటి ఆధారంగానే ఇక్కడ కాలనిర్ణయం సాగాలి. ఇది విజ్ఞానశాస్త్రానికి ఓటమి కాదు. ప్రశ్నను బట్టి పద్ధతి మారుతుంది, అంతే. గిద్దలూరు రాళ్ళ గురించి రాసిన సౌందరరాజన్ తరువాత గుహాలయాలపైనా ప్రామాణిక గ్రంథాలు రాశారు. ఒకే వ్యక్తి రెండింటినీ చదివిన తరమది.

4. తెలుగు విద్యార్థికి దారి

గ్రేటర్ నోయిడాలోని పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పురావస్తు సంస్థలో రెండేళ్ళ స్నాతకోత్తర డిప్లొమా ఉంది. 2020 అక్టోబరులో వెలువడిన ప్రవేశ ప్రకటన అర్హత గల ప్రాచీన భాషలలో మొదట సంస్కృతం, పాళీ, ప్రాకృతం, అరబిక్, పర్షియన్‌లనే పేర్కొంది. తమిళనాట నిరసన వచ్చింది; కొద్ది రోజులలోనే సవరించిన ప్రకటనలో తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం, ఒడియా చేరాయి. తెలుగుకు ప్రాచీన హోదా దక్కిన పన్నెండేళ్ళకు, పొరుగువారి పోరాటం వల్ల మన ఎం.ఏ. పట్టాకు ఆ తలుపు తెరుచుకుంది. ఈ సంగతి మన శాఖలలో ఎందరికి తెలుసు?

పూణేలోని దక్కన్ కళాశాల, బరోడా విశ్వవిద్యాలయ పురావస్తు శాఖ తవ్వకపు శిక్షణకు ప్రసిద్ధమైనవి. తెలుగు విశ్వవిద్యాలయం చరిత్ర, సంస్కృతి, పురావస్తు అధ్యయనాన్ని శ్రీశైలంలోనే నెలకొల్పింది. మార్కాపురం, దోర్నాల మీదుగా నల్లమల ఎక్కితే చాలు. ప్రయోగశాలలు వేరే చోట్ల ఉన్నాయి: ల్యూమినిసెన్స్‌కు అహ్మదాబాదు భౌతిక పరిశోధనాలయం, పుప్పొడి రేణువులకు లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, ప్రాచీన డి.ఎన్.ఎ.కు హైదరాబాదులోని సి.సి.ఎం.బి. సాహిత్య విద్యార్థి వీటిలో పరికరం నడపవలసిన అవసరం లేదు. నమూనా ఏ పొరలోంచి, ఎవరు, ఎలా తీశారని అడగగలిగితే చాలు.

అతడు తీసుకువెళ్ళగలిగిందీ తక్కువేమీ కాదు. శాసన లిపి చదవడం, ఊరి పేర్లలో మిగిలిన పాత రూపాలను గుర్తించడం, పాటిదిబ్బ గురించి పశువుల కాపరి చెప్పే మాటను అదే మాటలో రాసుకోవడం ప్రయోగశాల నేర్పేవి కావు. పలకలకు పేరుపడ్డ మార్కాపురం ప్రాంతంలో ఏ రాయి ఎలా చీలుతుందో తరతరాలుగా తెలిసిన పనివారున్నారు. రాతి పనిముట్లపై సిద్ధాంత వ్యాసం రాసే విద్యార్థి కొలమానంతో పాటు వారి పదజాలాన్ని కూడా సేకరించాలి. ఆ పని తెలుగు శాఖ విద్యార్థి ఈ ఏడాది నుంచే మొదలుపెట్టవచ్చు. దానికి ఏ ప్రయోగశాల అనుమతీ అక్కరలేదు.